91 శాతం వచ్చింది, కానీ బొమ్మంతా నలుపే!

మా నాన్నమ్మకి చాలా ఏళ్ళుగా షుగరు. "నాకు బాగానే కనిపిస్తోంది కదరా, కళ్ళ డాక్టరెందుకు?" అంటుంది. షుగరు రెటీనాలోని సన్నటి రక్తనాళాలను పాడుచేస్తున్నా మొదట్లో చూపు బాగానే ఉండొచ్చని చదివాక, మినీ ప్రాజెక్టుకి ఇదే తీసుకున్నాను: రెటీనా ఫొటోలో రక్తనాళాలను ప్రోగ్రాముతో గుర్తించడం.

వాడింది డ్రైవ్ డేటాసెట్. నెదర్లాండ్స్‌లో షుగరు ఉన్నవాళ్ళకి చేసిన కంటి పరీక్షల నుంచి తీసుకున్న 40 ఫొటోలు. ట్రైనింగుకి 20, టెస్టుకి 20. నాళాలను మనుషులు చేత్తో గుర్తించిన బొమ్మలూ ఉంటాయి. మన జవాబు సరిచూసుకునేది వాటితోనే.

మొదటి మెట్టు, ఫొటోలో గ్రీన్ చానల్ మాత్రమే తీసుకోవాలి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి నాళాలు ముదురుగా, స్పష్టంగా కనిపిస్తాయి. తర్వాత కాంట్రాస్ట్ పెంచాలి.

రెండోది మ్యాచ్‌డ్ ఫిల్టర్. 1989 నాటి పద్ధతే అయినా అర్థం చేసుకోవడానికి చక్కగా ఉంటుంది. నాళాన్ని అడ్డంగా కోసి చూస్తే దాని వెలుగు గ్రాఫు తలకిందులైన గాసియన్‌లా ఉంటుంది. ఆ ఆకారంలో ఫిల్టరు చేసి, 15 డిగ్రీల చొప్పున 12 దిక్కులకి తిప్పి, ప్రతి పిక్సెల్ దగ్గర ఎక్కువగా వచ్చిన విలువను ఉంచుకోవాలి. అది థ్రెషోల్డ్ దాటితే నాళం, లేకపోతే కాదు.

నాకు యాక్యురసీ 91 శాతం వచ్చింది. ఎగిరి గంతేశాను. గైడు సారు చూసి, "అవుట్‌పుట్ బొమ్మ ఏదయ్యా?" అన్నారు. తెరిస్తే మొత్తం నలుపు! థ్రెషోల్డ్ మరీ ఎక్కువ పెట్టాను, ఒక్క నాళమూ దొరకలేదు.

మరి 91 ఎలా వచ్చింది? లెక్క చూడండి. 1000 పిక్సెళ్ళలో నాళాలవి 90 అనుకుందాం. అన్నిటినీ "నాళం కాదు" అనేసినా 910 కరెక్టే. కానీ సెన్సిటివిటీ, అంటే ఉన్న 90లో మనం పట్టుకున్నవి, సున్నా. థ్రెషోల్డ్ తగ్గిస్తే సన్న నాళాలు దొరుకుతాయి, వాటితోపాటు లేనివీ వస్తాయి. అందుకే సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ రెండూ రిపోర్టులో రాయాలి. నంబరు కంటే ముందు బొమ్మ చూడాలి.

ఆ రాత్రి నాన్నమ్మ గుర్తొచ్చింది. "బాగానే కనిపిస్తోంది" అన్న ఆవిడ మాటా నా 91 లాంటిదే. ఆదివారం ఇంటికెళ్ళి బతిమాలాను, సోమవారం కళ్ళలో చుక్కలు వేయించుకుంది. మీ ఇంట్లోనూ షుగరు ఉన్నవాళ్ళుంటే ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించండి. నా ప్రోగ్రాము నాళాలను గీస్తుందంతే, జబ్బు సంగతి డాక్టరే చెప్పాలి.