సంగీత విద్యార్థి దినచర్య

మన పాఠశాలలో పదవ తరగతి ముగించిన బాలుడొకడు సంగీత కళాశాలలో చేరెదనని పట్టుపట్టెను. వాని తండ్రి పటాన్‌చెరువులోని కర్మాగారమొకదానిలో రాత్రి షిఫ్టు పని చేయువాడు. ఆయన యొక ఉదయమున నిదుర కన్నులతోనే తెల్లాపూర్‌లోని మా యింటికి వచ్చి, "సారూ, పాటలు నేర్చేటోడు పొద్దంత ఏం జేస్తడు? ఏం తింటడు?" అని యడిగెను. ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. అప్పుడు నేను చెప్పిన ప్రత్యుత్తరము చాలలేదు. దానిని కొంత విరివిగా నిచ్చట వ్రాయుచున్నాను.

మొదట రెండవ ప్రశ్నమును గూర్చి చెప్పెదను. విజయనగరమునందు పూసపాటి విజయరామ గజపతిరాజు 1919వ సంవత్సరమున సంగీత కళాశాలను స్థాపించెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. 1936లో వాయులీన విద్వాంసులైన ద్వారం వేంకటస్వామినాయుడుగా రాపదవిని స్వీకరించిరి. ఆ కళాశాలకు కృష్ణామండలము నుండి యొక బాలుడు వచ్చెను. అతడే ఘంటసాల వేంకటేశ్వరరావు. 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడకు సమీపమున చౌటపల్లిలో జన్మించెను. తండ్రి సూర్యనారాయణగారు భజనలు పాడువారు. కుమారుని చిన్నతనముననే మరణించుచు, సంగీతము నభ్యసింపుమని కోరిరి. బాలుడు చేతి యుంగరమును విక్రయించి, ఎవరికిని చెప్పక విజయనగరమునకు బయలుదేరెను.

అక్కడికి చేరునప్పటికి కళాశాలకు వేసవి సెలవులు! నాయుడుగారి దయచే కొన్నాళ్లు అక్కడనే యుండుట కనుజ్ఞ లభించినను, తోటివారి ఆకతాయితనము వలన లేనిపోని నిందపడి ఆ చోటును విడువవలసి వచ్చెను. అప్పు డాదరించినవారు అక్కడి గాత్రాచార్యులు పట్రాయని సీతారామశాస్త్రిగారు. శాస్త్రిగారును కలవారు కారు. విద్యను ఉచితముగా నీయగలిగిరి గాని, శిష్యునికి ప్రతిదినము నన్నము పెట్టు స్థితి వారికి లేదు. కావున ఆ బాలుడు భుజమున జోలె తగిలించుకొని వీధివీధి తిరిగి మధుకరము చేసెను.

మధుకరమనగా తుమ్మెద. పువ్వు పువ్వున నొక్కొక్క చుక్క తేనె గ్రహించునట్లు, ఇంటింట నొక్కొక్క ముద్ద యన్నము గ్రహించుటచే ఆ భిక్షకు ఆ పేరు వచ్చెను. పేరు మధురమే, పని మధురము కాదు. పరిచయము లేని గుమ్మము ముందు నిలిచి పిలుచుట, లోపలినుండి ఎవరైన వచ్చువరకు వేచియుండుట, కొన్ని యిండ్ల వారు విననట్లే యుండుట, మిగిలినది రెండవ పూటకు దాచుకొనుట, ఇవి పదునైదేండ్ల వానికి తేలిక కావు. ఇంకొక మాట కూడ దాచక చెప్పవలెను. ఆ కాలమున ఈ ఆచారము బ్రాహ్మణ విద్యార్థికి మాత్రమే తలుపు తెరచినది. అంతటి కంఠమే కలిగియు వేరు కులమున బుట్టిన పేదబాలునికి ఆ ముద్దయు దొరకకపోయెడిది. వారిలో నెందరి కంఠములు మనకు వినబడక పోయెనో యని తలంచినపుడు నా మనస్సు కలతపడును.

పిమ్మట అతడు కళాశాలలో ప్రవేశించి, నాలుగేండ్ల పాఠమును రెండేండ్లలో ముగించెను. తరువాతి కథ మీ తాతలకును తెలిసినదే. గురుపుత్రులైన పట్రాయని సంగీతరావుగారు మదరాసులో చాలకాలము ఘంటసాలవారికి సహాయకులుగా పనిచేసిరి.

ఇక మొదటి ప్రశ్నము. దినమంతయు ఏమి చేయును? తెల్లవారకముందే లేచును. ఎదుట తంబుర యుండును. దానికి తీగెలు నాలుగు: పంచమము, రెండు సారణులు, మంద్రషడ్జము. వానిని శ్రుతి చేయుటకే క్రొత్తవానికి అరగంట పట్టును. ఇప్పు డీ పనిని చిన్న విద్యుద్యంత్రము చేయుచున్నది గాని, స్వయముగా శ్రుతి చేసికొనినవాని చెవి వేరు. మొదట మంద్రస్థాయిలో అకారముతో స్వరమును నిలుపుట. పిదప సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారములు. వీనిని పదునైదవ మేళమగు మాయామాళవగౌళ రాగములో నేర్పుదురు. ఈ క్రమమును పురందరదాసుగారు ఏర్పరచిరని ప్రసిద్ధి. ఆ రాగమునే గ్రహించుటకు కారణము కలదు: స నుండి మ వరకు గల యంతరములే, ప నుండి పై స వరకును మరల వచ్చును. పూర్వార్ధము పట్టుబడినవానికి ఉత్తరార్ధము సగము వచ్చినట్లే.

ఇచట గణితమును చూడుడు. ఆదితాళమునకు ఎనిమిది క్రియలు. మొదటి సరళిలో ఆరోహణము ఎనిమిది, అవరోహణము ఎనిమిది, మొత్తము పదునారు స్వరములు. క్రియకొక్క స్వరము చొప్పున మొదటి కాలములో రెండు ఆవర్తములు పట్టును. రెండవ కాలములో ఒక్కటి. మూడవ కాలములో సగమే. కావున ఆవర్తము నిండుటకు దానిని రెండుమార్లు పాడవలెను. చేయి వేగము మారరాదు. కంఠము మాత్రమే మారవలెను. చేయియు కంఠముతో కూడ పరుగెత్తుటయే క్రొత్తవాని ప్రధాన దోషము. చాలమందికి దీనిని సరిదిద్దుకొనుటకే నెలలు గడచును. పగలు గీతము, స్వరజతి, వర్ణము, కృతి యనెడి పాఠములు. సాయంకాలము ఉదయపు పాఠమును మరల వల్లించుట. ఆదివారమునను సాధనకు సెలవు లేదు.

మన ప్రార్థనాగీతముల పుస్తకమును తెరచి చూడుడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు పైన రాగము పేరు, తాళము పేరు ముద్రింపబడియుండును. పురుషోత్తమ చౌదరిగారు మొదలగువారు ఈ రాగములలోనే కీర్తనలను కట్టిరి. మీరా పంక్తిని చదువక దాటుదురు. నేనును ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు పోవువరకు అట్లే దాటితిని.

నేటి విద్యార్థికి జోలె లేదు గాని, చోటు లేదు. హైదరాబాదులో 1952లో స్థాపింపబడిన త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యున్నది. తెల్లాపూర్ నుండి దానికి పోయి వచ్చుట దూరమే. అంతకంటె కష్టమేమనగా, ఒంటిగది యింటిలో రాత్రి పనిచేసి వచ్చిన తండ్రి నిదురించువేళనే కుమారుని సాధనవేళ.

తండ్రితో నేనీ మాటనే చెప్పితిని. ఆయన కొంతసేపూరకుండి, "పొద్దుగాల్నే బడి తెరుస్తరా సారూ?" అని యడిగెను. తాళపుచెవి నాయొద్దనే యున్నది. ఇప్పుడు ప్రతి ఉదయము ఆరుగంటలకు ఆ బాలుడు చివరి గదిలో, పాత హార్మోనియము షడ్జమునకు శ్రుతి కలిపి పాడుచున్నాడు. రెండవ కాలము కుదిరినది. మూడవ కాలములో చేయి యింకను పరుగెత్తుచున్నది.