దాసోహము - లెక్కయు, బండియు, వినయమును

కాయకము, దాసోహము అను రెండును బసవేశ్వరుని బోధకు రెండు కన్నులు. స్వశ్రమచే ధర్మముగా ఆర్జించుట కాయకము. ఆ ఆర్జనలో తనకు కావలసినంత ఉంచుకొని, మిగిలినదానిని "నేను దాసుడను" అను భావముతో సమాజమునకు అర్పించుట దాసోహము. పన్నెండవ శతాబ్దిలో బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరునకు లెక్క యొక్క విలువ బాగుగా తెలియును. దాసోహమునకు భక్తి ఎంత అవసరమో లెక్కయు అంత అవసరమని కరోనా కాలము మరల నేర్పినది.

1. సరిహద్దున ఆకలి

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చెను. ఆ వారముననే నాటి కృష్ణాజిల్లా జగ్గయ్యపేట దాపునగల గరికపాడు తనిఖీ కేంద్రమువద్ద, హైదరాబాదునుండి స్వగ్రామములకు బయలుదేరిన వారెందరో నిలిచిపోయిరి. అట్టి సమయమున చేత డబ్బున్నవానికిని అన్నము దొరకదు, హోటళ్ళు మూతపడియుండును. కూలి ఆగినవానికి డబ్బును లేదు, అన్నమును లేదు.

2. ఏబది దినముల ఎడము

కేంద్రప్రభుత్వము మార్చి 26న ప్రకటించిన పథకమువలన రేషను కార్డుగలవారికి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము అదనముగా, ఉచితముగా లభించెను. కార్డులేని వలసకూలీలకు ధాన్యము ఇత్తుమన్న ప్రకటన మే 14న గాని వెలువడలేదు. నడుమ ఏబది దినములు! ఆంధ్ర, తెలంగాణముల కార్డులు పరస్పరము చెల్లు ఏర్పాటు 2019 ఆగస్టులోనే ఆరంభమైనను, దేశమంతటికి అది 2022 జూన్‌లో గాని పూర్తికాలేదు. గిడ్డంగులలో ధాన్యమునకు కొదువ లేదు. మనిషికి, మూటకు మధ్య దారి లేదు. ఆ ఎడమును పూరించుటయే మఠముల, గృహస్థుల వంతు.

3. ముందు లెక్క, పిదప బండి

పూటకు మనిషికి 150 గ్రాముల బియ్యము, 50 గ్రాముల పప్పు అనుకొందము. నూరుగురికి రెండు పూటలకు 30 కిలోల బియ్యము, 10 కిలోల పప్పు. పదునాలుగు దినములకు 420 కిలోలు, 140 కిలోలు. ఉప్పు, నూనె, వంటచెరకు, విస్తళ్ళు, మంచినీరు దీనికి చేర్చవలెను. బండి, హమాలీ, అనుమతిపత్రము లేనిచో బియ్యము బస్తాలోనే ఉండును. నందిగామలో కొంత, జగ్గయ్యపేటలో కొంత నిలువయుంచినచో ఒక దారి మూసినను రెండవది తెరచియుండును. పొయ్యిగలవారికి సరకులు, దారిన నడచువారికి వండిన అన్నము ఇయ్యవలెను. వేసవిలో వండినది త్వరగా పాడగును గనుక దూరము పంపరాదు. వచ్చిన ప్రతి రూపాయికి రసీదు, ఖర్చుకు ఇద్దరి సంతకములు, సాయంకాలమునకు నోటీసుబోర్డుపై జమాఖర్చు ఉండవలెను.

4. లక్కమ్మ నేర్పిన పాఠము

రాలిన బియ్యపు గింజలను ఏరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ వారించి మిగులును తిరిగి ఇచ్చివేయుమనెను. అక్కరకు మించినది పేదవానికిని తగదని ఆమె ఎరుగును. విపత్తులో ఒకచోట పొట్లములు గుట్టలై చెడుట, వేరొకచోట పిల్లలు పస్తుండుట ఈ విచక్షణ లేకనే. అన్నము పుచ్చుకొనువానిని నిలబెట్టి ఫోటో తీయుటయు దాసోహము కానేరదు. పుచ్చుకొనువాడు జంగమస్వరూపుడు, సిగ్గుపడవలసినవాడు కాడు.

అభ్యాసము:
1. దానమునకు, దాసోహమునకు భేదమేమి?
2. మీ ఊర ఏబదిమందికి ఏడు దినముల భోజనమునకు లెక్క వేయుడు.
3. కార్డులేని బాటసారి మీ గుమ్మమునకు వచ్చినచో మొదట ఏమి అడుగుదురు? పేరా, ఆకలియా?