బండి పెనుకొండ దాటిందా?

ధర్మవరం స్టేషనులో మీరు మామయ్య కోసం ఎదురుచూస్తున్నారనుకోండి. ఆయన హిందూపురంలో బండెక్కుతానన్నాడు. రావలసిన వేళ దాటి గంటయింది. బండి జాడ లేదు. అప్పుడు పక్కనే బెంచీ మీద కూర్చున్న పెద్దాయన మొదట ఏమని అడుగుతాడో తెలుసా? “బండి పెనుకొండ దాటిందా?” అని.

ఆ ప్రశ్నలో ఎంత తెలివి వుందో గమనించండి. బెంగుళూరు నుంచి గుంతకల్లు వెళ్ళే దారిలో ముందు హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆ తర్వాత ధర్మవరం వస్తాయి. బండి పెనుకొండ దాటిందంటే హిందూపురం వైపు వెతకనక్కర లేదు. దాటలేదంటే ధర్మవరం వైపు వెతకనక్కర లేదు. ఒక్క ప్రశ్నతో సగం దారి మనకు కలిసివచ్చింది.

ఇప్పుడు మీ బడికి ఒక కొత్త కంప్యూటరు వచ్చిందనుకుందాం. అట్టపెట్టె విప్పారు, తీగలు తగిలించారు, మీట నొక్కారు. తెర నల్లగానే వుండిపోయింది! వెంటనే తలా ఒకమాట అంటారు. “మదర్ బోర్డు పోయింది” అంటాడొకడు. “మానిటరు చెడిపోయింది” అంటాడు ఇంకొకడు. చూడకుండానే చెప్పే ఈ తీర్పులు చాలా ఖరీదైనవి. బాగున్న భాగాన్ని తీసి పారేసి, కొత్తది వేలు పోసి కొన్నాక, అసలు తప్పు వదులుగా వున్న ఒక తీగదని తేలడం రిపేరు దుకాణాలలో కొత్తేమీ కాదు. బడిలో వున్నది ఒక్కటే కంప్యూటరయితే, అది పెట్టెలో మూలపడినన్నాళ్ళూ నష్టం మీదే.

అందుచేత మనం కూడా ఆ పెద్దాయన అడిగినట్టే అడుగుదాం. కాని ముందు దారి తెలియాలి గదా! మీట నొక్కిన దగ్గర్నుంచీ లోపల ఏం జరుగుతుందో చూడండి.

గోడలోని సాకెట్టు నుంచి 230 వోల్టుల విద్యుత్తు వస్తుంది. అది సెకనుకు 50 ఆవృత్తులు చేసే ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరు వెనుకభాగంలో ఎస్.ఎం.పి.ఎస్. అనే ఇనుప డబ్బా వుంటుంది. అది ఈ విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. ఆ వోల్టేజీలు నిలకడకు రాగానే “అంతా సిద్ధం” అని మదర్ బోర్డుకు ఒక సంకేతం పంపుతుంది. సెకనులో సగం కూడా పట్టని పని ఇది. సంకేతం అందేవరకూ ప్రాసెసరు కదలదు.

లేచిన ప్రాసెసరుకు ఏమీ తెలియదు. డిస్కులోని ప్రోగ్రాము చదవాలంటే, ఎలా చదవాలో చెప్పే ప్రోగ్రాము ఇంకొకటి వుండాలి! చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుంది గదూ? ఈ చిక్కు తీర్చడానికే మదర్ బోర్డు మీద చిన్న చిప్పు ఒకటి పెట్టారు. కరెంటు పోయినా అందులోని ఆదేశాలు చెరిగిపోవు. లేవగానే ఫలానా చిరునామాకు వెళ్ళి అక్కడున్న ఆదేశం చదవాలని ప్రాసెసరు తయారీలోనే నిర్ణయమై వుంటుంది. “బూట్” అనే మాట కూడా ఈ చిక్కులోంచే పుట్టింది. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తననుతాను పైకి లేపుకోవడమని ఇంగ్లీషులో ఒక వేళాకోళం వుంది. అదే కురచై బూట్ అయింది.

ఆ చిప్పు చెప్పే మొదటి పని ఆత్మపరీక్ష. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఎప్పుడైనా కారులో ముందు సీట్లో కూర్చుంటే చూడండి: తాళం తిప్పగానే డ్రైవరు ముందున్న హెచ్చరిక దీపాలు ఒక్కసారి వెలిగి ఆరిపోతాయి. బయలుదేరకముందే కారు తననుతాను సరిచూసుకోవడం అది. కంప్యూటరు కూడా అలాగే జ్ఞాపకం వుందా, తెరకు బొమ్మ పంపే భాగం వుందా అని చూసుకుంటుంది. అన్నీ వుంటే తయారీదారు పేరో గుర్తో తెర మీద కనిపిస్తుంది. ఆ తర్వాతే డిస్కు వంతు, డిస్కులోని ఆపరేటింగ్ సిస్టం వంతు.

మన పెనుకొండ ఎక్కడుందో ఇప్పుడు తెలిసిందా? తయారీదారు గుర్తు కనిపించే చోటే! గుర్తు కనిపించి ఆ తర్వాత ఆగిపోతే విద్యుత్తూ ప్రాసెసరూ జ్ఞాపకమూ మానిటరూ పనిచేస్తున్నట్టే. వాటిమీద చెయ్యి వెయ్యకండి. డిస్కు వైపు చూడండి. అసలు గుర్తే రాకపోతే డిస్కు గురించి ఆలోచించడం శుద్ధ దండగ.

సగానికి సగం తగ్గించడంలో ఎంత బలముందో ఒక ఆటతో తెలుసుకోవచ్చు. మీ స్నేహితుణ్ణి 1 నుంచి 1000 లోపు ఒక సంఖ్య తలచుకోమనండి. “500 కంటే పెద్దదా?” అని మొదలుపెట్టి, మిగిలినదాన్ని ప్రతిసారీ సగం చెయ్యండి. పది ప్రశ్నల్లో దొరికిపోతుంది! వరసగా “1 ఆ? 2 ఆ?” అని అడుగుతూ పోతే సాయంత్రమవుతుంది.

సరే, గుర్తు కనబడలేదు. మళ్ళీ సగం చేద్దాం. లోపలి పంకా తిరుగుతోందా? దీపం వెలిగిందా? వెలిగితే విద్యుత్తు లోపలికి వచ్చినట్టే. ఇప్పుడు కీబోర్డులో “నమ్ లాక్” మీట నొక్కండి. దాని దీపం వెలిగి, మళ్ళీ నొక్కితే ఆరుతోందా? అలా అయితే ప్రాసెసరు మేలుకుని మీ మాట వింటోందన్నమాట. కంప్యూటరు లేచింది, బొమ్మే తెరకు చేరడంలేదు. మానిటరు తీగ చూడండి. కొన్ని కంప్యూటర్లలో బొమ్మ కోసం విడిగా గ్రాఫిక్స్ కార్డు వుంటుంది. వెనుక మదర్ బోర్డుకూ ఆ కార్డుకూ ఒకేలాంటి రంధ్రాలుంటాయి. కార్డు వున్నప్పుడు తీగను దానికే గుచ్చాలి. మదర్ బోర్డుకు గుచ్చితే చాలాసార్లు తెర నల్లగానే వుంటుంది.

కీబోర్డు దీపం ఉలకకపోతే? తొందరపడకుండా ఒక పని చెయ్యండి: గడియారం చూసుకుని అయిదారు నిమిషాలు ఆగండి. ఇది వేళాకోళం కాదు. ఇప్పటి కొత్త కంప్యూటర్లలో డి.డి.ఆర్.5 అనే రకం జ్ఞాపకం వస్తోంది. అందులో నెమ్మదైనదనుకున్నదే ఒక్కొక్క తీగ మీద సెకనుకు 480 కోట్ల సంకేతాలు నడుపుతుంది. ఒక సంకేతానికి దొరికే వ్యవధిలో కాంతి కూడా సుమారు 6 సెంటీమీటర్లే పోగలదు! అందుకని మొదటిసారి లేచినప్పుడు ఏ తీగ మీద సంకేతం ఎంత ఆలస్యంగా వస్తోందో కొలుచుకుని సర్దుకోవాలి. ఆ కాసేపూ తెర నల్లగానే వుంటుంది. పాడైందనుకుని మీట ఆపేస్తే కొలత మళ్ళీ మొదటికొస్తుంది. మంచి యంత్రాన్ని ఇలా పదిసార్లు ఆపి, చెడిపోయిందని తిరిగి పంపేసేవాళ్ళున్నారు.

అప్పటికీ లేవకపోతే యంత్రం ఏమైనా చెబుతోందేమో వినండి. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఆత్మపరీక్ష ముగియగానే ఒక్క చిన్న కూత కూసేది, అంతా క్షేమమని. కూతలు ఎక్కువయినా, పొడుగయినా ఏదో లోపమున్నట్టు. ఇప్పుడు కొన్ని బోర్డుల మీద కూతకు బదులు నాలుగు చిన్న దీపాలుంటాయి. ప్రాసెసరుకొకటి, జ్ఞాపకానికొకటి, బొమ్మకొకటి, డిస్కుకొకటి. ఏ దీపం వెలిగి ఆగిపోయిందో చిక్కు అక్కడే. కూతల అర్థం మాత్రం కంపెనీకొక రకం. యంత్రంతో వచ్చిన పుస్తకం చూడవలసిందే.

తప్పు ఎలా కనిపిస్తోందో చూసి అది ఎక్కడుందో చెప్పడం కంప్యూటర్లతో పుట్టిన విద్య కాదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారిని అడగండి. జకార్డు మగ్గం మీద చిల్లులున్న అట్టలు వరసగా తిరుగుతుంటాయి. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకపోగు నేసేటప్పుడు పడుగులో ఏ పోగులు లేవాలో చెబుతుంది. బుటాలో ఒకేచోట, అట్టల వరస తిరిగివచ్చినప్పుడల్లా తప్పు పడుతోందంటే ఆ చోటి అట్టలో చిల్లు సరిగా లేదు. అలాకాక చీర పొడుగునా ఒకే పోగు వెంట గీతలాగా తప్పు పోతోందంటే అట్టలకేమీ కాలేదు. ఆ పోగును లేపే కొక్కెమో తాడో తెగింది. మగ్గం విప్పకుండానే బట్ట చూసి జబ్బు చెప్పేశారు! జోసెఫ్ మారీ జకార్డు ఈ ఏర్పాటును 1804లో రూపొందించాడు. తర్వాత చార్లెస్ బాబేజి తన గణన యంత్రానికి ఆదేశాలివ్వడానికి ఈ అట్టల ఉపాయాన్నే తీసుకుందామనుకున్నాడు. అంటే కంప్యూటరుకు మగ్గం పెదతాతలాంటిదన్నమాట.

ఇక కొత్త యంత్రంలో అతి సామాన్యమైన లోపం. లారీలో కుదుపులకు ర్యామ్ పలక ఒక పక్క కొద్దిగా పైకి లేచి వుంటుంది. దాని అంచున బంగారుపూత పూసిన 288 స్పర్శలుంటాయి. నాలుగు తగలకపోయినా పని జరగదు. మాస్టారు దగ్గరుంటే, ప్లగ్గు పూర్తిగా పీకేశాక, పక్క పలక విప్పి, ర్యామ్‌ను రెండు చివరలా సమానంగా అదిమి “టక్” మనిపించాలి. రెండు పలకలుంటే ఒకటి తీసి రెండవదానితో, తర్వాత దీనితో చూడండి. ఒకసారికి ఒక్కటే మార్పు! రెండు మార్చి బాగయితే దేనివల్ల బాగయిందో ఎప్పటికీ తెలియదు.

లోపల చెయ్యి పెట్టేముందు ఇంకొక్క మాట. గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే విద్యుదావేశం పుట్టడం మీ పాఠంలోనే వుంది. గాలి పొడిగా వుంటే ఆ ఆవేశం ఎక్కువసేపు నిలుస్తుంది. మన మూడు ఊళ్ళూ వున్న ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే వాన పడుతుంది. ఎండిన గాలి ఇక్కడ చాలా నెలలుంటుంది. మీ ఒంటి మీది ఆవేశం సుమారు 3,000 వోల్టులు దాటితేగాని వేలికి చురుక్కుమనదు. కొన్ని చిప్పులను చంపడానికి అందులో పదోవంతు కూడా అక్కరలేదు! అందుకని ముందుగా పెట్టెలో రంగు లేని ఇనుపభాగాన్ని తాకండి. అప్పుడు మీ ఒళ్ళూ యంత్రమూ ఒకే స్థాయికి వస్తాయి. ర్యామ్‌ను అంచులతోనే పట్టుకోండి. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎప్పుడూ ఎవరూ విప్పకూడదు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు నిలిచి వుంటుంది.

అసలు పంకాయే తిరగలేదనుకోండి. అంటే బండి హిందూపురమే దాటలేదు. అదే సాకెట్టుకు బల్లదీపం పెట్టి చూడండి. వెనుక డబ్బా మీద చిన్న స్విచ్చి వుంటుంది. దాన్ని మరచిపోవడం సర్వసాధారణం. కొన్ని పాతరకం డబ్బాలకు 115, 230 అని రాసిన ఎర్రమీట వుంటుంది. అది 115 మీద వున్నప్పుడు మన కరెంటు ఇస్తే ఢామ్మంటుంది, జాగ్రత్త. యు.పి.ఎస్. మీద లేజర్ ప్రింటరు కూడా పెట్టారా? అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా విద్యుత్తు లాగుతుంది. చిన్న యు.పి.ఎస్. అప్పుడు చేతులెత్తేస్తుంది.

ఇక ఎర్తు. పెట్టెను తాకితే జివ్వుమంటోందా? చెయ్యి తీసెయ్యండి, మాస్టారుకు చెప్పండి. ఎస్.ఎం.పి.ఎస్.లో వడపోత కోసం పెట్టిన కెపాసిటర్ల గుండా అతి స్వల్పంగా విద్యుత్తు పెట్టెకు చేరుతుంది. ప్లగ్గులోని లావుపాటి మూడవ పుల్ల ద్వారా అది భూమిలోకి పోవాలి. దారి లేకపోతే పెట్టె మీద సరఫరాలో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. ఆ కొద్దిపాటి విద్యుత్తు మనిషిని చంపదు. కాని ఏనాడైనా లోపల ఫేజ్ తీగ ఊడి పెట్టెకు తగిలితే కాపాడేవాళ్ళు లేరని అది చెబుతోంది. ఎర్తు లేకపోయినా కంప్యూటరు లేస్తుంది. ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం అదే. మట్టిలో తడీ, అందులో కరిగిన ఉప్పూ వుంటేనే విద్యుత్తు సులువుగా పోతుంది. అందుకే ఎర్తు గుంటలో బొగ్గూ ఉప్పూ వేసి, వేసవిలో నీళ్ళు పోస్తారు. మన నేలల్లో మార్చి దాటాక ఆ నీళ్ళు తప్పనిసరి. మీ బడిలో ఆ గుంట ఎక్కడుందో, చివరిసారి ఎప్పుడు తడిపారో అడిగి చూడండి. పరీక్షించడం మాత్రం ఎలక్ట్రీషియను పని.

పెనుకొండ దాటాక, అంటే గుర్తు కనిపించాక వచ్చే చిక్కులు సాధారణంగా చిన్నవే. “బూట్ చెయ్యడానికి డిస్కు లేదు” అని వస్తే ముందు ఎవరో మరచిపోయిన పెన్ డ్రైవు తీసెయ్యండి. కంప్యూటరు దాంట్లో ఆపరేటింగ్ సిస్టం వెతుకుతూ వుండవచ్చు. తర్వాత డిస్కు తీగ. కొన్ని కంప్యూటర్లు ఆపరేటింగ్ సిస్టం ఎక్కించకుండానే అమ్ముతారు. బిల్లు చూస్తే తెలుస్తుంది.

అంతా లేచి, ఇంటర్నెట్టులో ఏ పేజీ తెరిచినా “భద్రత లేదు” అంటోందా? మూలనున్న తేదీ చూడండి. సంవత్సరం తప్పుగా వుంటే మదర్ బోర్డు మీది నాణెమంత బ్యాటరీని అనుమానించండి. ప్లగ్గు పీకి వున్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. గోదాములో చాలాకాలం పడివుంటే నీరసించిపోతుంది. దాని మీద సి.ఆర్.2032 అని వుంటుంది, 3 వోల్టులు. గడియారాల దుకాణంలో అడిగితే ఇస్తారు.