వ్యాయామోపాధ్యాయునకు పంచాయతీ చేయూత

శ్రీకాకుళమన్నచో ఉత్తరాంధ్రలోని పట్టణమే పలువురకు స్ఫురించును. కృష్ణాతీరమున, ఘంటసాల మండలమున ఆంధ్ర మహావిష్ణువు వెలసిన శ్రీకాకుళము మరియొకటి కలదు. అచ్చటినుండి దివిసీమ వరకును, ఇటు మచిలీపట్నము, గుడివాడల వరకును గల పల్లెల నేల ఇంచుమించు ఒకే తీరుది. కావున పాఠశాలల చిక్కులును ఒకే తీరువి.

ఈ నేల నల్లరేగడి. వర్షము కురిసినచో పాఠశాల ఆవరణ పలుదినములు బురదయై యుండును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. కోతల కాలమున ధాన్యము ఆరబోయుటకును, ముహూర్తముల కాలమున పెండ్లి పందిరికిని ఊరివారి చూపు ముందుగా ఆ ఖాళీస్థలము మీదనే పడును. ఇక వ్యాయామోపాధ్యాయుడు పిల్లల నెచ్చట పరుగెత్తింపగలడు? చివరకు ఆటల పీరియడు లెక్కలకును, ఆయన ఆఫీసు కాగితములకును పోవుచుండును. ఇది ఆయన తప్పు కాదు.

'డ్రిల్లు మాస్టరు' పని ఈల వేయుటయే యని తలంచువారు ఇప్పటికిని గలరు. 1920లో మద్రాసున హ్యారీ బక్ వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను నెలకొల్పిన నాటినుండియు ఈ వృత్తికి శాస్త్రీయమైన శిక్షణ కలదు. తరగతిలోని ఉపాధ్యాయుడు కూర్చున్న బిడ్డను చూచును. ఈయన పరుగెత్తు బిడ్డను చూచును. విసరిన బంతిని గుర్తింపలేని బాలునికి చూపు తక్కువ కావచ్చును. రెండు చుట్లకే ఆయాసపడు బాలికకు రక్తహీనత ఉండవచ్చును. అట్టివారిని ఆరోగ్య కార్యకర్త యొద్దకు పంపుటకు ఈయన మాటయే మొదటి ఆధారము.

అయిదు మొదలు పదునేడేండ్ల వయస్సు వారికి దినమునకు సగటున 60 నిమిషముల శరీరశ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చెడుగుడుకు పైసా ఖర్చు లేదు; చదునైన నేల చాలును. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనన్నది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో విద్యను, ఆరోగ్య పారిశుద్ధ్యములను చేర్చినది. బంతులు, తాళ్లు ప్రభుత్వ పథకముల వలన రావచ్చును. పల్లము మెరక చేయుట, మురుగుకు దారి తీయుట ఊరివారి పని. ధాన్యమునకు వేరొక కళ్లము చూపక, పాఠశాలలో ఆరబోయరాదని తీర్మానించిన ప్రయోజనము లేదు. బాలికలకు తలుపు గల మరుగుదొడ్డి, అందు నీరు లేనిచో వారు ఆటకు రారు. ఈ సంగతిని సభలో చెప్పుటకు మన సభ్యులు ఏల సిగ్గుపడుదురో తెలియదు.

డెల్టాలో ఈత మాట మరువరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈతకు లొంగునది కాదు. దానికి ముందస్తు హెచ్చరికయు, తుఫాను ఆశ్రయమును కావలెను. కాని బడి దారిలోని కాలువలో కాలు జారిన బిడ్డకు ఈత ప్రాణము నిలుపగలదు. లోతు తక్కువ గల చోటును ఎన్నుకొని, వెదురు దడి కట్టించి, గట్టున త్రాడుతో ఈతగాండ్రను ఇద్దరిని నిలిపినచో, తల్లిదండ్రుల అనుమతితో వ్యాయామోపాధ్యాయుడు నేర్పగలడు. ఒంటరిగా ఆయనపై ఈ భారము మోపరాదు.

రాబోవు పంచాయతీ సమావేశమునకు ఆయనను గాని, ఆమెను గాని పిలువుడు. పెద్దవాన వెలిసిన మరునాడు వారితో కలిసి ఆవరణమంతయు నడచి, నీరు నిలిచిన చోట్ల కర్రలు పాతింపుడు. వేసవిలో మట్టి తోలించునపుడు ఆ గుర్తులు అక్కరకు వచ్చును.