మంచు కొండల్లో సీజన్ కొలువు

మహాశివరాత్రి నాడు మేళ్లచెరువులో శంభులింగేశ్వరుడి జాతరకు, ఎడ్ల పందేలకు జనం విరగబడి వస్తారు. సరిగ్గా అదే రోజు ఉత్తరాఖండ్‌లోని ఊఖీమఠ్‌లో పూజారులు పంచాంగం చూసి ఒక తేదీ ప్రకటిస్తారు. కేదార్‌నాథ్ గుడి తలుపులు ఆ ఏడాది ఎప్పుడు తెరుస్తారన్నది ఆ తేదీ. భక్తులకు అది దర్శనాల ముహూర్తం. హోటళ్లవాళ్లకు, టెంట్లవాళ్లకు, వంటవాళ్లకు, గైడ్లకు అది పనిలో చేరే రోజు. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో తలుపులు తెరుచుకుంటాయి, దీపావళి వెళ్లాక భగినీ హస్త భోజనం నాటికి మూసుకుంటాయి. ఆ మధ్యలో ఉన్న ఆరు నెలలే ఆ లోయలన్నిటికీ ఏడాది సంపాదన.

చదువు అయిపోయి, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదరడమా, హైదరాబాద్ వెళ్లి కోచింగ్‌లో చేరడమా అని ఊగిసలాడుతున్న మేళ్లచెరువు, హుజూర్‌నగర్, కోదాడ పిల్లలకు ఈ దారి గురించి ఎవరూ చెప్పరు. చెప్పినా ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో చూపించినట్టు మంచు, బూట్లు, చాయ్ కప్పు మాత్రమే చూపిస్తారు. ఈ పనిలో జీతం ఎలా వస్తుంది, మిగతా ఆరు నెలలు ఏం చేయాలి, ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నవే అసలు విషయాలు.

సీజన్ పని మన ప్రాంతానికి కొత్త కాదు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలితే నాట్ల ముఠాలు దిగుతాయి. మిరప ఎర్రబడితే కాయ ఏరడానికి ఆటోలు కట్టుకుని వెళ్తారు. పాలమూరు కూలీలైతే దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా మట్టి పనికి మేస్త్రీ వెంట వెళ్లినవాళ్లు. నాట్ల ముఠాలో పెద్దామె గుత్త మాట్లాడేటప్పుడు ఏమేం అడుగుతుందో ఒకసారి వినండి. ఎకరాకు ఎంత, ట్రాలీ ఖర్చు ఎవరిది, ఉండే చోటు ఏది, అన్నం ఎవరు పెడతారు, వాన పడి పని ఆగితే లెక్క ఎలా, డబ్బు ఏ రోజు చేతికి వస్తుంది. మనాలిలో హోటల్ మేనేజరును అడగాల్సినవి కూడా అచ్చంగా ఇవే. డిగ్రీ చదివిన పిల్లలు మాత్రం వీటిని అడగడానికి మొహమాటపడి, తీరా అక్కడికి వెళ్లాక ఇబ్బంది పడతారు.

ముందుగా క్యాలెండర్. చార్‌ధామ్ మార్గంలో మే నుంచి అక్టోబరు దాకా పని. మనాలి, సిమ్లాలలో మే, జూన్ నెలలు రద్దీ, మళ్లీ డిసెంబరు చివర మంచు చూడటానికి వచ్చేవాళ్లు. లేహ్‌లో మే నుంచి సెప్టెంబరు. అమర్‌నాథ్ యాత్ర జూలై, ఆగస్టు. గుల్మార్గ్‌లో, ఔలీలో మంచు మీద జారే ఆట స్కీయింగ్‌కు డిసెంబరు, జనవరి నుంచి మార్చి దాకా. ట్రెక్కింగ్‌లో హమ్‌తా పాస్ జూన్ నుంచి సెప్టెంబరు, కేదార్‌కాంఠ చలికాలం. తెలివిగలవాళ్లు రెండు సీజన్లను అతుకుతారు. ఎండాకాలం లేహ్, చలికాలం గుల్మార్గ్. లేదంటే చలికాలం గోవా హోటళ్లు. అలా అతకలేనివాళ్లకు ఇది ఉద్యోగం అవదు, ఆరు నెలల షికారు అవుతుంది.

లోపలికి వెళ్లడానికి దగ్గరి దారి వంటగది. మన రీల్స్ పిల్లలకు ఇది రుచించదు, కానీ నిజం ఇదే. తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా బస్సులకు బస్సులు, రైళ్లకు రైళ్లు చార్‌ధామ్‌కు వెళ్తాయి. యాత్ర కంపెనీలు వెంట తెలుగు వంటవాళ్లను తీసుకెళ్తాయి, ఎందుకంటే మన పెద్దవాళ్లు పది రోజుల పాటు రొట్టె తినలేరు. రుషికేశ్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్ర ఆశ్రమం ఉండటానికి కారణం కూడా ఈ రాకపోకలే. వంటకు తోడు హిందీ, కాస్త లెక్కలు వచ్చిన కుర్రాడు రెండో ఏడాదికి టూర్ మేనేజరు అవుతాడు. గదులు మాట్లాడటం, గుర్రాల రేటు ఖాయం చేయడం, ఆయాసపడుతున్న తాతను ఎక్కడ ఆపాలో గుర్తించడం అతని పని.

ఆ వంట కూడా ఇక్కడి వంట కాదు. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి తగ్గి నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుతకుత ఉడుకుతున్నట్టే కనిపిస్తుంది, కందిపప్పు మాత్రం గంటైనా పలుకు పలుకుగానే ఉంటుంది. అందుకే అక్కడ ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పు లేదు, అన్నమూ లేదు. చలికి సిలిండర్‌లో గ్యాస్ ఒత్తిడి పడిపోయి తెల్లవారుజామున మంట నీరసంగా వస్తుంది. సిలిండర్‌ను వేడినీళ్లలో ముంచడం, మంట దగ్గరికి జరపడం లాంటి పనులు చూసి నేర్చుకోకండి, ప్రాణం మీదికి వస్తుంది. ముందు రోజు రాత్రే పప్పు నానబెట్టేవాడు, గ్యాస్ లెక్క పెట్టుకుని మోయించేవాడు అక్కడ వంట మాస్టర్.

దీన్ని చదువుగా నేర్చుకోవాలనుకుంటే హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్ఎం, గచ్చిబౌలిలోని నిథమ్ ఉన్నాయి. జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ కౌన్సిల్ ప్రవేశపరీక్షను ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. ఇంటర్ ఏ గ్రూపు వాళ్లైనా రాయవచ్చు. మంచు ప్రాంతాల రిసార్ట్‌లు ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, కిచెన్ మనుషుల కోసం వెతికేటప్పుడు ఈ సర్టిఫికెట్‌కు విలువ ఉంటుంది.

రెండో దారి తాడు. దీనికి మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఒక మెట్టు ఉంది, భువనగిరి కోట. అయిదు వందల అడుగులకు పైబడిన ఆ ఏకశిల మీద ఉన్న రాక్ క్లైంబింగ్ స్కూల్లోనే మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నారు. ఒకరు నిజామాబాద్ జిల్లా పాకాల, ఇంకొకరు ఖమ్మం జిల్లా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి తర్వాత డార్జిలింగ్, ఆపైన లడఖ్ చలి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ వయసువాళ్లను నేపాల్ వైపు నుంచి అనుమతించరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. మీరు ఎవరెస్ట్ ఎక్కనక్కర్లేదు. అది ఖర్చు, ఉద్యోగం కాదు. కానీ వాళ్లు నడిచిన వరుసను గమనించండి: ముందు బండ, తర్వాత సంస్థ, ఆ తర్వాతే మంచు.

సంస్థలు ప్రభుత్వానివే ఉన్నాయి. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో పుట్టింది. ఎవరెస్ట్ ఎక్కి వచ్చిన టెన్జింగ్ నార్గేనే అక్కడ క్షేత్ర శిక్షణకు మొదటి డైరెక్టరు. ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ 1965 నాటిది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరు మీద ఉన్న సంస్థ, పహల్గామ్‌లో జవహర్ ఇన్‌స్టిట్యూట్, అరుణాచల్‌లోని దిరాంగ్‌లో నిమాస్ ఉన్నాయి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖది స్కీయింగ్ సంస్థ ఉంది. బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు నాలుగు వారాలు. పదిహేను, ఇరవై కిలోల సంచి వీపున వేసుకుని నడవడం, ముడులు, మంచు గొడ్డలి వాడటం, జారి పడితే ఆగడం నేర్పుతారు. చివర్లో గ్రేడు ఇస్తారు. 'ఎ' గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు తీసుకుంటారు, దాని తర్వాతే ఇన్‌స్ట్రక్టర్ కావడానికి పనికొచ్చే మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ కోర్సు. కాబట్టి బేసిక్‌లో "ఎలాగో గట్టెక్కాం" అనుకుంటే దారి అక్కడితోనే మూసుకుపోతుంది. సీట్లకు గిరాకీ ఎక్కువ. కొన్నిచోట్ల ఏడాది ముందే నిండిపోతాయి. వయసు, ఫీజు, మెడికల్ సర్టిఫికెట్ నమూనా ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే చూడండి, వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ నమ్మకండి.

ట్రెక్ లీడర్‌కు ఇంతకన్నా ముఖ్యమైనది ప్రథమ చికిత్స. ఎత్తుకు వెళ్లినకొద్దీ తలనొప్పి, వాంతి, నడక తూలడం మొదలవుతాయి. ఎవరికి మాత్ర సరిపోతుందో, ఎవరిని అర్ధరాత్రయినా కిందికి దించాలో తేల్చుకోవడమే ఆ పనికి జీతం. మస్సూరీ దగ్గర లండౌర్‌లోని హానిఫ్ల్ సెంటర్ కొండ ప్రాంతాల ప్రథమ చికిత్సలో కోర్సులు నడుపుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. వెంట ఉన్న టూర్ నిర్వాహకుడొకరు కూడా పోయారు. డ్యామ్ కింద నది నిశ్శబ్దంగా ఉన్నా అందులో దిగకూడదని చెప్పే మనిషే గైడు. శిక్షణ ఉన్నవాళ్లకూ కొండ హామీ ఇవ్వదు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర మంచు చరియ విరిగిపడి ఉత్తరకాశీ సంస్థ అడ్వాన్స్‌డ్ కోర్సు బృందంలో 27 మంది మృతదేహాలు దొరికాయి. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ సంగతి దాచి వెళ్లకండి. కంపెనీని ప్రమాద బీమా కాగితం చూపించమని అడగండి. లేదంటే చేరకండి.

ఇంకో అడ్డంకి హిందీ. ఇంటర్ దాకా తెలుగు, ఇంగ్లిష్‌తో గడిపిన పిల్లలు అక్కడ గుర్రాలవాళ్లతో, పోలీసులతో మాట్లాడలేక వెనుదిరుగుతారు. సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ బిహార్, యూపీ నుంచి వచ్చిన కార్మికులు ఉన్నచోట పెరిగి హిందీ రాదనడం ఏం బాగుంటుంది? సాయంత్రం చాయ్ బండి దగ్గర రోజూ అరగంట కూర్చోండి.

స్థానికుల మాట కూడా చెప్పుకోవాలి. పోర్టర్లు, గుర్రాలు, క్యాంపు వంట చాలావరకు ఆ ఊళ్లవాళ్లవి, నేపాలీలవి. వాళ్ల నోటి దగ్గర కూడు లాగేసుకునేలా వెళ్తే ఎవరూ రానివ్వరు, రానివ్వకూడదు కూడా. బయటివాళ్లకు దొరికేవి ట్రెక్ లీడర్, బుకింగ్స్, హోటల్ ఫ్రంట్ ఆఫీస్, తెలుగు యాత్రికుల నిర్వహణ. అవి కూడా ఒక్క కోర్టు తీర్పుతో మారిపోగలవు. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్స్ అనే ఎత్తయిన పచ్చిక బయళ్లలో రాత్రి బసను నిషేధించింది. రూప్‌కుండ్ లాంటి పేరున్న దారులు మూతపడి, వాటినే నమ్ముకున్నవాళ్లు వీధిన పడ్డారు. అందుకే ఒక డిగ్రీ చేతిలో ఉంచుకోండి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అందుకు సరిపోతుంది, పరీక్షలు మాత్రం సీజన్‌తో ఢీకొనకుండా చూసుకోవాలి.

ఇక విదేశాలు. సినిమా పాటల్లో స్విట్జర్లాండ్ చూసి అక్కడ హోటల్ పని దొరుకుతుందనుకునేవాళ్లకు ఒకే మాట: యూరప్ బయటివాళ్లలో మేనేజర్లు, నిపుణులు లాంటివాళ్లకే ఆ దేశం పని అనుమతి ఇస్తుంది. ఆస్ట్రియా, ఇటలీలలో సీజన్ కార్మికులకు కోటా ఉంది. ఇటలీ జాబితాలో భారత్ పేరు కూడా ఉంది. ఆల్ప్స్ లోయల్లో ట్రెంటీనో ఆపిల్ కోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాగుతుంది. కానీ అక్కడి యజమాని ముందుగా నుల్లా ఓస్తా అనే అనుమతి తీసుకుంటేనే మీకు వీసా. యజమాని లేకుండా అనుమతి అమ్ముతామనేవాడు మోసగాడు. టూరిస్టు వీసా మీద వెళ్లి పని చేసుకోమనేవాడు అంతకన్నా పెద్ద మోసగాడు.

మనకు నిజంగా తెరిచి ఉన్న తలుపు ఆస్ట్రేలియా. ఆ దేశంలోనూ మంచు కొండలున్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో పెరిషర్, త్రెడ్‌బో; విక్టోరియాలో ఫాల్స్ క్రీక్, మౌంట్ హోథమ్. మనకు వానాకాలం ఉన్నప్పుడు, జూన్ నుంచి అక్టోబరు మొదటిదాకా వాళ్లకు మంచు. 2024 నుంచి భారతీయులకు వర్క్ అండ్ హాలిడే వీసాలు ఏటా వెయ్యి ఇస్తున్నారు. 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండాలి, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, ఇంగ్లిష్ పరీక్ష, బ్యాంకులో అయిదు వేల ఆస్ట్రేలియా డాలర్లు, అంటే మూడు లక్షల రూపాయలకు అటూఇటూ చూపించాలి. ఎంపిక లాటరీలో. మొదటి ఏడాది ఆ వెయ్యికి నలభై వేల దాకా దరఖాస్తులు వచ్చాయి. లాటరీ ఫీజు 25 డాలర్లే. "మీ పేరు లాటరీలో వచ్చేలా చూస్తాం" అని లక్షలు అడిగేవాళ్లను ఆ మాటతోనే బయటికి పంపండి. పేరు వస్తే లిఫ్టు దగ్గర మంచు ఊడ్చడం, గదులు సర్దడం, గిన్నెలు తోమడం పని. అక్కడి కనీస వేతనం 2025 జూలై నుంచి గంటకు 24.95 డాలర్లు. బాగానే ఉంటుంది, కానీ రిసార్ట్ పక్క ఊళ్లలో సీజన్‌లో గది అద్దె మండిపోతుంది. స్టాఫ్ క్వార్టర్ ఇస్తారా, వారానికి ఎంత కోస్తారో ఆఫర్ లెటర్‌లో ఉండాలి. ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి చేయనివ్వరు.

ఏ దేశమైనా సరే, ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో వెతకండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా ముప్పై వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో ఉంది, అక్కడ ప్రకటనలు ఎప్పటికప్పుడు చూడవచ్చు. పాస్‌పోర్టు లేనివాళ్లు ఆ పని ముందు పెట్టుకోండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ తేడా ఉంటే దిద్దించుకోవడానికే నెలలు పట్టవచ్చు, లాటరీ తేదీ మీ కోసం ఆగదు.