సలూమ్ డెల్టా: ఒక వన్యప్రాణి యాత్రకు సన్నాహం

ఆఫ్రికా ఖండపు పడమటి అంచున, అట్లాంటిక్ సముద్రతీరాన సెనెగల్ అనే దేశం ఉన్నది. దాని రాజధాని డకార్ నగరానికి దక్షిణాన, గాంబియా సరిహద్దును ఆనుకొని, సలూమ్, డియోంబోస్, బండియాలా అనే మూడు నీటి పాయలు సముద్రంలో కలిసే చోట రెండు వందలకు పైగా దీవులు, లంకలు, వాటి నడుమ లెక్కకు అందని కాలువలు, వాటిని కమ్ముకొని మడ అడవులు వ్యాపించి యున్నవి. దీనినే సలూమ్ డెల్టా అంటారు. 1976లో ఇందులో కొంత భాగాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1984లో ఇది రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినది. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరినది. జీవశాస్త్రం గాని, భూగోళశాస్త్రం గాని చదివే విద్యార్థులు ఎన్నడైనా ఇటువంటి చోటికి పోదలచినచో ముందుగా ఏమేమి ఆలోచింపవలెనో తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం. పోయే అవకాశం లేనివారికి కూడా ఒక యాత్రను కాగితం మీద రూపొందించుకొనడం మంచి అభ్యాసమే.

డెల్టా అనగానే మనకు గోదావరి, కృష్ణలు జ్ఞప్తికి వస్తవి. ఎగువ నుండి మంచినీరు దిగివచ్చును; సముద్రం దగ్గరపడిన కొద్దీ నీరు ఉప్పగా మారును. సలూమ్‌లో వ్యవహారం తలక్రిందులు. ఈ నదికి ఎగువ నుండి వచ్చే మంచినీరు అత్యల్పం. 1970 ప్రాంతం నుండి సహేల్ ప్రాంతమంతటా వర్షాలు వెనుకబట్టి తీవ్రమైన అనావృష్టి పట్టుకొన్నది. సముద్రపు నీరు పోటుతో లోపలికి వచ్చును, ఎండకు ఆవిరైపోవును, ఉప్పు మాత్రం మిగిలిపోవును. అందువలన ఈ నదిలో పైకి పోయిన కొద్దీ ఉప్పదనం తగ్గదు సరికదా, పెరుగుతూ పోవును. కవోలక్ పట్టణం వద్ద ఎండకాలంలో నీరు సముద్రజలం కంటె రెండింతలు ఉప్పగా ఉండిన రోజులు గలవు. ఆ పట్టణం ఉప్పు మళ్ళకు పేరు పొందడంలో ఆశ్చర్యమేమున్నది? ఇటువంటి నదీముఖాన్ని శాస్త్రజ్ఞులు విలోమ నదీముఖం అంటారు.

ఈ సంగతి పుస్తకాలలో చదివి మరచిపోయేది కాదు. యాత్ర ఎక్కడికి చేయవలెనో నిర్ణయించేది ఇదే. ఉత్తరాన సలూమ్ పాయ వెంబడి ఉప్పు తీవ్రత వలన మడచెట్లు గిడసబారి, చాలాచోట్ల చచ్చి, చవిటి మైదానాలు మిగిలినవి. ఆ బయలు నేలలను స్థానికులు టాన్ అంటారు. దక్షిణాన బండియాలా పాయ వైపు వర్షం కొంత మెరుగు. అడవి దట్టం, చెట్లు ఎత్తు. కనుక మడ అడవిని అడవిగా చూడదలచినవారు టూబాకూటా, మిసిరా గ్రామాల వైపు పోవలెను. టాన్ మైదానాలలో తిరిగే మచ్చల దుమ్ములగొండిని చూడదలచినవారికి ఉత్తరాన పాల్మరిన్ అనుకూలం. నాలుగైదు రోజులు మాత్రమే ఉన్నవారు రెండింటినీ పట్టుకొనబోయి సగం కాలం రోడ్డు మీద గడపడం తెలివైన పని కాదు. నా మట్టుకు నేను దక్షిణాన్నే ఎంచుకొందును.

మరొక మాట. పాత పటాలను నమ్మరాదు. నదీముఖానికి అడ్డంగా సంగోమార్ అనే పొడవైన ఇసుక తిన్నె ఉండేది. 1987 ఫిబ్రవరిలో సముద్రం దానిని జిఫేర్ గ్రామ సమీపాన తెగగొట్టినది. ఆ గండి అటు తరువాత ఏటేటా వెడల్పై తిన్నె కొసభాగం దీవిగా మారినది. అంతకు పూర్వపు పటంలో నేల అని చూపిన చోట నేడు కెరటాలు లేచుచున్నవి.

ఇక చెట్లు. మన కోరింగ అడవిని చూచినవారికి ఇవి పూర్తిగా క్రొత్తవి కావు. మనం ఉప్పు పొన్న అనే రైజోఫోరా ప్రజాతి అక్కడ కూడా నీటి అంచున ఊతకర్రల వంటి వేళ్ళు దించి నిలబడును. దాని వెనుక, కాస్త ఎత్తు నేలలో, మనం మడ అనే అవిసెన్నియా ప్రజాతి బురదలో నుండి పెన్సిళ్ళ వంటి శ్వాసవేళ్ళను పైకి పొడుచును. ప్రజాతులు అవే, జాతులు వేరు. 1978లో అభయారణ్యంగా ఏర్పడిన కోరింగ కాకినాడకు సమీపాననే ఉన్నది. సెనెగల్ పోదలచిన విద్యార్థి ముందు ఒక శీతకాలపు రెండు రోజులు అక్కడ గడపవలెనని నా సలహా. బురదలో నడక, పడవలో కూర్చొని బైనాక్యులర్స్‌ను కదలకుండా పట్టుకొనడం, పోటు పాటులను గమనించడం - ఇవి అక్కడనే నేర్చుకొనవచ్చును. సైబీరియా నుండి వలస వచ్చే కర్ల్యూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి జాతి పిట్ట మన తీరానికీ వచ్చును, సలూమ్ తీరానికీ పోవును. ఇక్కడ దానిని గుర్తుపట్టడం అలవడిన కన్ను అక్కడ తడబడదు.

కాల నిర్ణయమే ఈ యాత్రలో అన్నిటికంటె కష్టమైన భాగం. అక్కడ వానలు జూన్‌లో మొదలై అక్టోబరు వరకు ఉండును. నవంబరు నుండి మే వరకు పొడికాలం. ఐరోపా నుండి, ఉత్తర ధ్రువ ప్రాంతాల నుండి వచ్చే వలస పక్షులు - చేపలను పట్టే ఆస్ప్రే గద్దలు, బురదనేలల ఉల్లంకులు, తెడ్డుమూతి కొంగలు - నవంబరు నుండి మార్చి వరకు నిండుగా ఉండును. కాని డెల్టాకు ప్రపంచఖ్యాతి తెచ్చిన దృశ్యం అప్పుడుండదు. సముద్రం వైపున పక్షుల దీవి అనే చిన్న ఇసుక దీవి గలదు. వసంతకాలాంతాన, ముఖ్యంగా మే, జూన్ నెలలలో, రాయల్ టెర్న్ అనే సముద్రపు పిట్టలు అక్కడ గ్రుడ్లు పెట్టును. 40 వేల జంటలకు మించి లెక్కింపబడిన సంవత్సరాలున్నవి. ఆ జాతికి లోకంలో ఇంతకు మించిన కూటమి లేదని చెప్పుదురు. ఈ ఆఫ్రికా పక్షులు అమెరికా పక్షుల కంటె వేరు జాతియని ఇటీవల శాస్త్రజ్ఞులు నిర్ణయించినందున దీని ప్రాముఖ్యం ఇంకను పెరిగినది.

అట్లయినచో మే నెలలోనే పోరాదా? ఇక్కడ ఆగి ఆలోచింపవలెను. ఈ పిట్ట గూడు కట్టదు. వట్టి ఇసుక మీద సాధారణంగా ఒకే ఒక గ్రుడ్డు పెట్టి, పైన నిలబడి తన నీడను దానికి ఇచ్చును. మనిషి దీవి మీద అడుగు పెట్టిన మరుక్షణం వేలాది పక్షులు ఒక్కసారిగా లేచును. అప్పుడు ఆ గ్రుడ్లకు రెండు శత్రువులు: కాలే ఇసుక, ప్రక్కనే కాచుకొని ఉన్న గల్ పక్షులు. పది నిమిషాల ఫొటో వేడుకకు ఒక సంవత్సరపు సంతానం నష్టం కావచ్చును. ఉద్యానవన అధికారుల అనుమతి లేనిదే అటు పోరాదన్న నియమం అందుకే. అనుమతి దొరికినను పడవను దూరాన నిలిపి, దిగకుండా, దూరదర్శిని సాయంతో చూడవలెను. పడవవాడు మనలను సంతోషపెట్టదలచి దగ్గరకు తీసుకొనిపోదునన్నచో వద్దని చెప్పే బాధ్యత మనదే. ఇంతటి నిగ్రహం తమ బృందానికి లేదనుకొన్నవారు జనవరిలో పోవడం ఉభయులకూ మేలు.

అంటువ్యాధుల వలన కూడా దారులు మూసుకొనవచ్చును. 2021 జనవరిలో అదే దేశపు ఉత్తరాన ఉన్న జూజ్ పక్షిశాలలో బర్డ్ ఫ్లూ వలన ఏడు వందలకు పైగా గూడబాతులు మరణించగా ఆ పార్కును సందర్శకులకు మూసివేసిరి. కావున బయలుదేరే ముందు విచారించుకొనడం, రెండవ పథకం ఒకటి సిద్ధంగా ఉంచుకొనడం అవసరం.

నెల తేలిన పిదప రోజు తేల్చవలెను. దానికి మన ఇంటి పంచాంగమే చాలును. అమావాస్య, పౌర్ణమి దినాల పరిసరాలలో పోటు మిక్కుటం, పాటు కూడా మిక్కుటం. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిదినం సుమారు 50 నిమిషాలు ఆలస్యమగుచుండును. నీరు తీసినప్పుడు బురద బయటపడి ఉల్లంకులు మేతకు దిగును. కాని సన్నని కాలువలలోకి పడవ పోదు. నీరు నిండినప్పుడు పడవ అడవి గర్భం దాకా పోవును; పిట్టలు మాత్రం దూరపు దిబ్బల మీద చేరి విశ్రమించును. ఉదయం పాటు, మధ్యాహ్నం తరువాత పోటు ఉన్న దినాలను ఎంచుకొన్నచో రెండూ దక్కును. సాయంకాలం టూబాకూటా సమీపాన కొంగలు, నీటికాకులు వేలకొలదిగా మడచెట్ల మీద వాలే చోటు ఒకటి గలదు. ఆ ఘడియకు పడవను దూరాన కట్టి మౌనంగా కూర్చొనవలెను.

ఏ ప్రాణులు కనిపించునో ముందే నిజం చెప్పుకొనుట మంచిది. గోలియత్ కొంగ, దిబ్బల కొంగ, గద్దలు, లకుముకి పిట్టలు తప్పక కనిపించును. సముద్రపు ఆవు అనబడే మానటీ ఈ కాలువలలో ఉన్నది గాని, ముక్కుపుటాలు తప్ప మరేమీ పైకి చూపని జంతువు. దాని మీద ఆశ పెట్టుకొనరాదు. అట్లాంటిక్ హంప్‌బ్యాక్ డాల్ఫిన్ సంగతీ అంతే. ఆఫ్రికా పడమటి తీరమంతటా కలిపి 3 వేల లోపే మిగిలినవని అంచనా. కనిపించినచో అది అదృష్టం.

కవోలక్ దగ్గరి కూస్మార్ దీవి కథ వేరు. 2007 జనవరిలో ఇక్కడ సాయంవేళ గుమికూడిన 28 వేలకు పైగా లెస్సర్ కెస్ట్రెల్ అనే చిన్న డేగలను, 16 వేల దాకా కత్తెరతోక గద్దలను లెక్కించిరి. ఇంత పెద్ద గుంపు ఇక్కడ చేరుటకు కారణం చుట్టుప్రక్కల పొలాలలోని మిడతలు. రైతుకు శత్రువైనది డేగకు ఆహారమగుట వలన, మిడతల మీద చల్లే మందు ఎవరి కడుపులోకి పోవునో విద్యార్థులే ఊహింపగలరు.

దక్షిణపు కొసన ఫతాలా అడవి ఉన్నది. ఎర్ర కొలొబస్ కోతికి ఆఫ్రికాలో ఇదే ఉత్తరపు హద్దు. ఆకులు తిని చెట్ల మీదనే బ్రతికే ఈ కోతి, అడవి పలచబడిన కొద్దీ నేలకు దిగుటయు, మడ అడవిలోకి పోయి తిండి వెదకుకొనుటయు పరిశోధకులు గమనించిరి. ఒక జంతువు తన అలవాటును ఎంతవరకు మార్చుకొనగలదన్న ప్రశ్నకు ఇది సజీవమైన పాఠం. అక్కడి కంచెలోనే పశ్చిమ జాతి డెర్బీ ఈలాండ్ అనే పెద్ద లేడిని పెంచుచున్నారు. అడవిలో ఇవి 200 లోపే మిగిలినవి. 2000లో నియోకోలో-కోబా ఉద్యానవనం నుండి పట్టి తెచ్చిన వాటిలో ఒక మగది, ఐదు ఆడవి మాత్రమే నేటి మందకు మూలం. రక్తసంబంధం గల వాటి కలయిక వలన సంతతి బలహీనపడకుండా ప్రతి దూడకూ వంశావళి వ్రాసి, ఏ మగదానిని ఏ గుంపులో ఉంచవలెనో నిర్ణయించుచున్నారు. ఆ కంచెలోనే కనిపించే జిరాఫీలు, ఖడ్గమృగాలు బయటి నుండి తెచ్చి విడిచినవి. వాటిని చూచి ఆనందింపవచ్చును గాని, డెల్టా జంతువుల పట్టికలో వ్రాసికొనరాదు.

మనుష్యులను మరచి అడవిని చూచే యాత్ర అసంపూర్ణం. పాటు వేళ స్త్రీలు బురదలో మోకాలి లోతున దిగి గవ్వజాతి ఆల్చిప్పలను ఏరుదురు, మడవేళ్ళకు అంటుకొన్న ముత్యపు చిప్పల జాతిని కోసి తెత్తురు. ఇది నిన్న మొన్నటి వృత్తి కాదు. వారి పూర్వులు రెండు వేల ఏండ్లుగా తిని పారవేసిన చిప్పలే దిబ్బలై దీవులైనవి. యునెస్కో లెక్కలో ఇటువంటి చిప్పల దిబ్బలు 218. వాటిలో 28 దిబ్బల మీద పూర్వపు సమాధులున్నవి. నేడు వాటి మీద బవోబాబ్ వృక్షాలు పెరుగుచున్నవి. జ్ఞాపకార్థమని ఒక్క చిప్పనైనను తీసికొని రారాదు.

బస విషయంలో బంబూంగ్ ఉదాహరణ గమనింపదగినది. అక్కడి పల్లెలవారు ఒక నీటిపాయలో చేపల వేటను తామే మానుకొని, 2004లో దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటింపజేసిరి. కాపలా ఖర్చులకు చిన్న అతిథి గృహం కట్టి నడుపుచున్నారు. అటువంటి చోట మనం ఇచ్చే గది అద్దె నేరుగా కాపలావాని జీతమగును. వేటను వదులుకొన్న జాలరికి ఆ వదులుకొనుటలో లాభం కనిపింపకపోయినచో ఆ రక్షణ ఎంతకాలం నిలుచును?

ఆ దేశంలో అధికార భాష ఫ్రెంచి. జనం మాట్లాడేది వోలోఫ్, ఈ దీవులలో సెరేర్. ఫ్రెంచి రానివారు దిగులుపడనక్కరలేదు. అక్కడివారిలో అత్యధికులు ముస్లిములు. అస్సలాము అలైకుం అన్న పలకరింపు మన పాతబస్తీలో వలెనే ప్రతి వాకిట పలుకును. పలకరింపు లేకుండా ధర అడుగుట అమర్యాద. బక్రీదును వారు తబస్కి అందురు. ఆ వారంలో నగరాల నుండి పల్లెలకు జనం పోటెత్తుదురు గనుక బండ్లు దొరకవు. 2026, 2027 సంవత్సరాలలో రంజాన్ మాసం ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చును; అది వలస పక్షుల కాలమే. ఉపవాసమున్న పడవవానిని మధ్యాహ్నపు ఎండలో త్రిప్పకుండా తెల్లవారుజామున బయలుదేరి ఇఫ్తారుకు ముందే ఒడ్డు చేర్చవలెను. పక్షులు చూచుటకు కూడా అదే మేలైన వేళ.

పడవ బాడుగ పడవకే గాని తలకు కాదు. ఆరేడుగురు కలిసి పోయినచో ఖర్చు బాగా తగ్గును. ప్రతి ఒక్కరికీ తేలే చొక్కా ఉన్నదా అని ఎక్కకముందే చూచుకొనవలెను. నాణెం సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు, ఒక యూరోకు 655.957 ఫ్రాంకులని స్థిరమైన మారకం. దీవులలో నగదు తప్ప మరేదీ చెల్లదనుకొని బయలుదేరవలెను. వీసా నిబంధనలు మారుచుండును గనుక ఢిల్లీలోని సెనెగల్ రాయబార కార్యాలయంలో విచారింపవలెను.

ఆరోగ్యం గురించి ఉపేక్ష కూడదు. అక్కడి మలేరియా ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. వైద్యుని సలహాతో ముందు నుండే నివారణ మాత్రలు వేసుకొనవలెను, తిరిగి వచ్చిన తరువాత జ్వరం తగిలినచో ఆఫ్రికా పోయివచ్చిన సంగతి మొదటి మాటగా చెప్పవలెను. పచ్చజ్వరం టీకా హైదరాబాదులో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేయుదురు. వేయించుకొన్న పది రోజుల తరువాతనే ఆ ధ్రువపత్రం చెల్లును. 2016 జూలై నుండి అది జీవితాంతం చెల్లుబాటు. ఈ పత్రం తిరుగు ప్రయాణానికి మరింత ముఖ్యం. పచ్చజ్వరమున్న దేశం నుండి ఆరు రోజులలోపు పత్రం లేకుండా మన దేశంలో దిగినవారిని ఆ గడువు తీరువరకు వేరుగా ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు గలదు. ఆ పసుపుపచ్చ పుస్తకాన్ని పెట్టెలో పెట్టరాదు. పాస్‌పోర్టుతో కలిపి చేతిసంచిలో ఉంచుకొనవలెను.