పాదయాత్రికుని సాగనంపుట

తీర్థయాత్రకు పోవువాడు పాటింపవలసిన నియమములను మన పెద్దలు వివరముగా చెప్పిరి. బయలుదేరుటకు ముందు విఘ్నేశ్వరుని పూజింపవలెను. పెద్దల అనుమతి పొందవలెను. దారిలో మితాహారమును, సత్యభాషణమును, సహనమును వీడరాదు. ఇవన్నియు నడిచెడివానికి చెప్పినవి. మరి అతనిని సాగనంపెడి ఇంటివారు చేయవలసినదేమి? ఈ ప్రశ్న తరచుగా మరుగున పడుచున్నది. అనుమతి పొందవలెనను నియమములోనే దీనికి సమాధానమున్నది. అనుమతి ఇచ్చుట యనగా "వెళ్ళి రండి" అని పలుకుట మాత్రమే కాదు. ఆ ప్రయాణభారములో కొంత తామును వహింతుమని ఒప్పుకొనుటయే నిజమైన అనుమతి.

ఇట్లు ఇతరుల నడకకు తోడ్పడుట తెలుగునాట క్రొత్త కాదు. పదునాలుగవ శతాబ్దమున కొండవీటి రాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. యాత్రికుల కొరకు సత్రములు కట్టించినవారు, వేసవిలో చలివేంద్రములు పెట్టినవారు ఎందరో కలరు. వారు నడిచినను నడువకున్నను, నడిచినవారి పుణ్యములో వారికిని భాగమున్నదని మనవారు విశ్వసించిరి.

మరియొక ఉదాహరణము కలదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణము నుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. ఆయన దారిలోని విశేషములను మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు ఎప్పటికప్పుడు వ్రాసి పంపుచుండెను. ఆ మిత్రుడు వానిని భద్రపరచి 1838లో గ్రంథముగా అచ్చువేయించెను. యాత్ర చేసినది ఒకరు. ఆ యాత్రను లోకమునకు దక్కించినది ఊరిలో నిలిచిన మరియొకరు.

నేటి సంసారము

నేటి సంసారములలో ఈ ధర్మమును ఆచరించుట యెట్లు? హైదరాబాదునకు పడమటనున్న కొండాపూర్ ఒకప్పుడు పల్లె. 1998లో సమీపమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఆ ప్రాంతమంతయు అంతస్తుల మేడలతో నిండినది. ఇచ్చటి యువకులు దినమంతయు కుర్చీలో కూర్చుండి కంప్యూటరు ముందు పనిచేయుదురు. వారి తలిదండ్రులు అనేకులు సొంత ఊళ్ళు విడిచి వచ్చి బిడ్డలతో నివసించుచున్నారు.

అట్టి యొక ఇంటిలో అరువది రెండేండ్ల తండ్రి, మహాశివరాత్రికి శ్రీశైలమునకు నడిచి పోయెదనని చెప్పెననుకొందము. ఆయనకు మధుమేహమున్నది. దారి ఇంచుమించు 220 కిలోమీటర్లు. ఆ మాట వినగానే కుమారుడు "బస్సులుండగా నడక యెందుకు?" అని కసరుకొనును. కుమార్తె ఖరీదైన బూట్లు కొని తెచ్చును. తల్లి ఏమియు అనక వంటయింటిలోనికి పోవును. మువ్వురికిని ఆయనపై ప్రేమయే. కాని ఒకరి ప్రేమ కోపముగాను, ఒకరిది ఖర్చుగాను, ఒకరిది మౌనముగాను బయటపడినది. ఇవి మూడును ఆయన పాదములకు తోడ్పడవు.

చేయవలసిన మొదటి పని ఆయన యెదుట కూర్చుండి అడుగుట. "నాన్నగారూ, మీరు నడువవద్దని మేము అనము. ఈ కోరిక యెందువలన కలిగినదో చెప్పండి. మేము చేయవలసినదేమో అదియు చెప్పండి." ఇట్లడిగినచో ఆయన "కాళ్ళు ఆడుచున్నప్పుడే ఒకసారి నడిచిపోయి స్వామిని చూడవలెనని యున్నది" అనవచ్చును. అంతకంటె పెద్ద కారణమేదియు ఉండనక్కరలేదు. ఆ మాట విన్న పిదప ఇంటివారి చర్చ పోవలెనా, మానవలెనా అని కాక, ఎట్లు పోవలెనను వైపునకు తిరుగును.

దేహమును సిద్ధపరచుట

తిరుమలకు అలిపిరి దారిలో 3550 మెట్లు ఎక్కినవారు శ్రీశైలమునకును అట్లే పోవచ్చునని తలతురు. ఈ రెండును ఒకటి కావు. మెట్లదారి ఒక పూటలో ముగియును. మరునాడు విశ్రాంతి దొరకును. దినమునకు 20 కిలోమీటర్ల చొప్పున నడిచినచో శ్రీశైలమునకు పదునొకండు దినములు పట్టును. గంటకు 4 కిలోమీటర్లు నడిచిననను ప్రతిదినము ఐదు గంటల నడక. నిన్నటి అలసట తీరకమునుపే నేటి నడక ఆరంభింపవలెను. కావున అభ్యాసము చేయవలసినది ఒకనాటి సాహసమును గూర్చి కాదు, మరునాడు మరల లేచి నడుచుటను గూర్చి.

అన్నిటికంటె ముందు వైద్యుని చూడవలెను. గుండె, రక్తపోటు, మోకాళ్ళతోపాటు పాదములలో స్పర్శ యెట్లున్నదో పరీక్షింపజేయవలెను. మధుమేహమున్నవారికి కొందరికి పాదములలో స్పర్శ తగ్గును; ముల్లు గ్రుచ్చుకొన్నను, బొబ్బ చిట్లినను తెలియదు. ఎక్కువ నడిచిన దినమున రక్తములో చక్కెర హఠాత్తుగా తగ్గి చెమట, వణుకు, తికమక కలుగవచ్చును. అట్టి సమయమున వెంటనే తినుటకు చక్కెరగాని గ్లూకోజుగాని అంగీ జేబులోనే ఉండవలెను. మందుల మోతాదును, ఉపవాస నియమమును వైద్యునితో ముందుగా మాట్లాడి నిర్ణయించుకొనవలెను. తమంతట తాము మార్చుకొనరాదు.

శివదీక్షకు మండలము 41 దినములు. మనస్సునకు ఆ గడువు చాలవచ్చును. నడక అలవాటు లేని దేహమునకు మూడు నెలలు కావలెను. కార్తికమాసమున ఆరంభించినచో మాఘ బహుళ చతుర్దశి నాటికి ఆ వ్యవధి దొరకును. మొదటి పక్షము దినమునకు 3, 4 కిలోమీటర్లు చాలును. ఆపై వారమువారము కొద్దికొద్దిగా పెంచవలెను. వారమునకొక దినము పూర్తి విశ్రాంతి, ఒక దినము దీర్ఘమైన నడక ఉండవలెను. చివరి నెలలో ఒకనాడు 15 కిలోమీటర్లు నడిచి, మరునాడు 10 కిలోమీటర్లు నడిచి చూడవలెను. బయలుదేరుటకు ముందటి వారము నడకను తగ్గించి కాళ్ళకు విశ్రాంతి నీయవలెను.

కొండాపూర్ వాసులకు బొటానికల్ గార్డెన్‌లోని చెట్లనీడ బాటలు ఆరంభమునకు అనుకూలమైనవి. కాని యాత్ర తారురోడ్డు మీద గనుక, కొంత అభ్యాసము గట్టి నేలమీదను చేయవలెను. మేడమెట్లు ఎక్కి దిగుటయు మంచిదే; దిగునపుడే మోకాళ్ళకు శ్రమ హెచ్చని మరువరాదు. ఈ అభ్యాసములో ఇంటివారు చేయదగిన గొప్ప సాయము ఒక్కటే: వారమునకు ఒక్కనాడైనను ఆయనతో కలిసి నడుచుట. ఏ కిలోమీటరు వద్ద ఆయన మాట తగ్గునో, ఎప్పుడు కుంటుట మొదలుపెట్టునో ప్రక్కన నడిచినవారికే తెలియును. "బాగుగానే యున్నాను" అను పెద్దల మాటను టెలిఫోనులో వినుట వేరు, ప్రక్కనుండి చూచుట వేరు.

పాదములు, మూట

పాదరక్షలు క్రొత్తవి కారాదు. కనీసము ఒక నెల వాడినవై ఉండవలెను. దీర్ఘముగా నడిచినపుడు పాదములు ఉబ్బును గనుక వ్రేళ్ళముందు కొంత చోటుండవలెను. మేజోళ్ళు తడిసిన వెంటనే మార్చవలెను. గోళ్ళు పొట్టిగా కత్తిరింపవలెను. ఎక్కడైనను మంటగా తోచినచో బొబ్బ లేచువరకు ఆగక, వెంటనే కూర్చుండి ఆ చోట పట్టీ వేయవలెను. ప్రతి సాయంకాలము అరికాళ్ళను వెలుతురులో పరీక్షించుకొనవలెను. చూపు ఆనని పెద్దలకు తోడివారు చూచి చెప్పవలెను.

చెప్పులు లేక నడిచెదమని మ్రొక్కుకొనువారు కలరు. ఆరోగ్యవంతులు సైతము నెలల తరబడి అలవాటు లేనిదే అందుకు పూనుకొనరాదు. పాదములలో స్పర్శ తగ్గిన మధుమేహరోగులు ఎంతమాత్రము పూనుకొనరాదు. ఇది భక్తిని తగ్గించు మాట కాదు. స్వామికి సమర్పించునది నడక, గాయము కాదు.

మూట విషయమున మహాభారతము అరణ్యపర్వములోని తీర్థయాత్రా ఘట్టము స్మరింపదగినది. లోమశ మహర్షి ధర్మరాజును యాత్రకు సిద్ధము చేయుచు, పరివారమును తగ్గించుకొనుమనియు, తేలికగా నున్నవాడే సుఖముగా పోగలడనియు బోధించెను. ధర్మరాజు అట్లే ఆకలిదప్పులకు, చలికి, దారిబడలికకు ఓర్వలేనివారిని మరలించెను. వారి జీవనమునకు దారి చూపియే పంపెను. ఇంటివారికి ప్రేమ కొలది మూట బరువెక్కించుట సహజము. నాలుగు రకముల పిండివంటలు, రెండు దుప్పట్లు, అదనపు చెంబు చేరినచో ఆ ప్రేమను ఆయన భుజములే మోయవలెను.

రెండు జతల నూలుబట్టలు, తువాలు, దుప్పటి, నీరు, పుట్నాలు, బెల్లము, లవణ మిశ్రమపు పొట్లములు, టార్చిలైటు, టెలిఫోను, దానికి అదనపు బ్యాటరీ చాలును. మందులను రెండు భాగములు చేసి ఒకటి మూటలోను, ఒకటి ఒంటిమీదను ఉంచవలెను. పేరు, రక్తపు వర్గము, వాడుచున్న మందులు, ఇంటి టెలిఫోను నంబరు వ్రాసిన కాగితము జేబులో నుండవలెను. ఈ కాగితమును ఇంటిలోని మనుమనిచేత పెద్ద అక్షరములతో వ్రాయించినచో బాలునికి కూడ యాత్రలో భాగము కలుగును.

దారి

నగరము చుట్టునున్న ఔటర్ రింగు రోడ్డు ప్రధానమార్గముపై పాదచారులకు ప్రవేశము లేదు. దాని ప్రక్కనున్న సర్వీసు రోడ్డుననే పోవలెను. తుక్కుగూడ వద్ద శ్రీశైలము రహదారి చేరి కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి ప్రాంతము, డిండి మీదుగా మన్ననూరు చేరవచ్చును. వాహనములు ఎదురుగా కనిపించునట్లు రోడ్డునకు కుడివైపున నడువవలెను. తెల్లవారుజామున నడిచెడివారు వెలుగుపడినచో మెరిసెడి పట్టీలు వీపునకును చేతులకును ధరింపవలెను. శివరాత్రి నాటికి ఎండ ముదురును గనుక పగటి నడి గంటలలో నీడపట్టున ఆగవలెను.

మన్ననూరు దాటిన పిదప మూడు నాలుగు దినములు నల్లమల అడవిలోనే నడక. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యము. రాత్రివేళ అచ్చట వాహనములనే పోనీయరు. పాదచారులు అటవీశాఖ వారి నియమములను ముందుగా విచారించుకొని, పగటిపూట గుంపుగానే నడువవలెను. నిప్పు రాజవేయరాదు, ప్లాస్టికు పారవేయరాదు. మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా కొలుచుకొను చెంచులు నివసించునది ఈ అడవిలోనే. వారి యింటికి వచ్చిన అతిథివలె మెలగవలెను. కొన్నిచోట్ల టెలిఫోను అందదు. ఈ సంగతి ముందే తెలిసియున్నచో ఇంటివారు ఒక రాత్రి పిలుపు రాకున్నను కంగారుపడరు.

గంటగంటకును పిలుచుట సాయము కాదు. సాయంకాలము ఒక వేళ నిర్ణయించుకొని నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును: పాదములెట్లున్నవి? నీరెంత త్రాగితిరి? మందు వేసికొంటిరా? రేపటి మజిలీ యెక్కడ? మూడవ దినమున గాని, అడవి ప్రవేశించుటకు ముందుగాని కుటుంబములో ఒకరు పోయి కన్నులార చూచి వచ్చుట ఉత్తమము.

మరలి వచ్చుటకు అనుమతి

ఇంటివారు ఇవ్వవలసిన వానిలో అత్యంత కష్టమైనది ఇంకొకటి యున్నది. అది ఆగిపోవుటకు అనుమతి. యాత్రికుడు బొబ్బలకంటె ఎక్కువగా భయపడునది "సగములో వచ్చినాడు" అను మాటకు. ఆ భయమువలననే ఛాతీనొప్పిని దాచువారు, కాలిపుండును గుడ్డతో కప్పి నడచువారు కలరు. కావున బయలుదేరుటకు ముందే ఇంటిల్లిపాది కూర్చుండి నిశ్చయించుకొనవలెను. ఛాతీనొప్పి, ఊపిరాడకుండుట, జ్వరము, తికమక, చీము పట్టిన గాయము - వీనిలో ఏది కనిపించినను నడక ఆగవలెను. వెంటనే వైద్యుని కడకు పోవలెను. మన పూజాసంకల్పములో "యథాశక్తి" అను మాట ఊరక చేర్చబడలేదు. శక్తికి మించి చేయుమని శాస్త్రము కోరలేదు.

ఆ తీర్థయాత్రా ఘట్టములోనే దీనికి గొప్ప నిదర్శనమున్నది. గంధమాదన పర్వతమార్గమున ద్రౌపది నడువలేక సొమ్మసిల్లెను. ఆ సమయమున ఆమెను ఎవ్వరును నిందింపలేదు. ధర్మరాజు ఆమెను ఒడిలో చేర్చుకొనెను. నకులసహదేవులు కందిపోయిన ఆమె పాదములను తమ చేతులతో ఒత్తిరి. భీముడు ఘటోత్కచుని స్మరింపగా, అతడు వచ్చి ఆమెను మోసికొని పోయెను. కుమారుడు మోసినంత మాత్రమున ఆమె యాత్ర భంగము కాలేదు. నేటి కుమారుడు తండ్రిని కారులో ఎక్కించుకొని వైద్యుని కడకు కొనిపోయి, కోలుకొన్న పిదప శ్రీశైలము చేర్చినచో అదియు అట్టిదే.

ఇక ఇంటిలోని పనులు. ఆయన ప్రతిదినము చేయుచుండిన చిన్న పనులను, మనుమని బడి బస్సు ఎక్కించుట, పాలు తెచ్చుట వంటివానిని, ఎవరు చేయుదురో ముందే పంచుకొనవలెను. మౌనముగా వంటయింటిలోనికి పోయిన తల్లిని ఒంటరిగా విడువరాదు. ఆ పదునొకండు దినములు సాయంకాలపు పిలుపునకు మొదట మాటాడవలసినది ఆమెయే. ఆయన తిరిగి వచ్చిన పిదప కొన్ని దినములు పాదములను కనిపెట్టియుండి, విశ్రాంతి కల్పించుటతో ఇంటివారి సేవ ముగియును.

శ్రీశైల సోపానములు కట్టించినవాడు తరువాతి తరములవారు వానిపై నడుచుట చూడలేదు. అయినను ప్రతి యాత్రికుని పాదము క్రింద అతని శ్రద్ధ నిలిచెను. నడిచెడివాని కొరకు ఇంటివారు చేయునదియు అట్టి సోపానమే. అది పదిలముగా నున్నచో నడిచెడివానికి దారి సుగమమగును. మధ్యలో మరలి వచ్చువానికి ఇంటి తలుపు తెరచియుండును.